అణు ఇంజనీరింగ్ కోడ్‌లో స్వయంచాలక సెన్సిటివిటీ విశ్లేషణ ఎలా చేయాలి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌ల నుంచి ఎం.టెక్., పీహెచ్‌డీ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "రియాక్టర్ కోడ్ ఒకటి చేతికి వచ్చింది, ఇన్‌పుట్‌లు ఇరవై ముప్పై ఉన్నాయి, ఏ ఇన్‌పుట్ మారితే ఫలితం ఎంత మారుతుందో ఒక్కొక్కటి చేత్తో మార్చకుండా కనుక్కోవడం ఎలా?" అడిగేవారిలో ఎక్కువమంది మెకానికల్ లేదా భౌతికశాస్త్ర విభాగాలవారు. ప్రోగ్రాం రాయగలరు, ఉష్ణప్రసరణ తెలుసు, కానీ ఇరవయ్యేళ్ల కిందటి ఫోర్‌ట్రాన్ కోడ్‌ను విప్పి చూసిన అనుభవం తక్కువ. వారిని దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

ఇది కొత్త విద్య కాదు. 1980లలోనే అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో గ్రెస్ అనే సాధనాన్ని తయారుచేశారు. అది ఫోర్‌ట్రాన్ కోడ్‌ను చదివి, ప్రతి లెక్కతో పాటు దాని అవకలజాన్ని (డెరివేటివ్‌ను) కూడా లెక్కించే కొత్త కోడ్‌ను రాసిపెట్టేది. దాని ఎడ్జాయింట్ రూపం (ఫలితం నుంచి ఇన్‌పుట్‌ల వైపు వెనక్కి లెక్కించేది) పేరు అడ్జెన్. ఈనాటి సాధనాలు వేరు, కానీ వాటి వెనుక ఉన్న ఆలోచన అదే.

మొదటే ఒక మాట. సాధనం ఇచ్చిన సెన్సిటివిటీ అంకెను, దానితో సంబంధం లేని ఇంకో పద్ధతిలోనూ అదే అంకె వచ్చేదాకా నివేదికలో రాయకండి. కింది అంచెలలో సగానికి సగం ఈ పరీక్షకే కేటాయించాను.

కావలసినవి

సోర్స్ చేతిలో ఉన్న కోడ్ అయితే అన్ని దారులూ తెరిచి ఉంటాయి, ఎక్జిక్యూటబుల్ మాత్రమే ఉంటే 4వ అంచెను వదిలి మిగతావి చదవండి. సాధారణ ల్యాబ్ కంప్యూటర్, జీఫోర్‌ట్రాన్ కంపైలర్, నంపై ఉన్న పైథాన్, శాంప్లింగ్ కోసం సాలిబ్ లైబ్రరీ సరిపోతాయి. ఫోర్‌ట్రాన్ లేదా సీ సోర్స్ నుంచి అవకలజాల కోడ్‌ను పుట్టించడానికి ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థవారి టాపెనాడ్ ఉంది. న్యూట్రాన్ రవాణా కోసం ఎంసీఎన్‌పీ అనే కోడ్ లైసెన్సు దొరకడం మన విద్యార్థులకు కష్టం. దానికోసం సెమిస్టరంతా ఎదురుచూడటం కంటే ఓపెన్‌ఎంసీ, లేదా మాంట్రియల్‌లోని పాలిటెక్నిక్ వారి డ్రాగన్ కోడ్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. రెండూ ఓపెన్ సోర్సే. భారజల రియాక్టర్ల లాటిస్ (ఇంధన అమరిక) లెక్కలకు డ్రాగన్ బాగా పనికివస్తుంది.

1. ముందు సమాధానం తెలిసిన చిన్న లెక్కపై చేయి తిప్పండి

పెద్ద కోడ్‌పై నేరుగా దిగితే, తప్పు వచ్చినప్పుడు అది సాధనం తప్పో, కోడ్ తప్పో, మీ తప్పో తేల్చుకోలేరు. అందుకని ఒక ఇంధన కడ్డీ స్థిరస్థితి ఉష్ణోగ్రత లెక్కను పది వరుసల ప్రోగ్రాంగా రాయండి. కింది విలువలు అభ్యాసం కోసం ఎంచుకున్నవి, ఏ రియాక్టర్‌కూ సంబంధించినవి కావు.

కడ్డీ మధ్యన ఇంధన గుళిక, దాని చుట్టూ సన్నని ఖాళీ (గ్యాప్), దాని బయట లోహపు తొడుగు (క్లాడ్), ఆ బయట వేడిని తీసుకుపోయే ద్రవం (కూలెంట్) ఉంటాయి. మీటరు పొడవుకు వెలువడే శక్తి 20,000 వాట్లు. ఇంధన ఉష్ణవాహకత 3 (మీటరుకు, డిగ్రీకి వాట్లలో), క్లాడ్ ఉష్ణవాహకత 16. గ్యాప్ కండక్టెన్స్ 6,000, కూలెంట్ ఉష్ణబదిలీ గుణకం 30,000 (చదరపు మీటరుకు, డిగ్రీకి వాట్లలో). గుళిక వ్యాసార్థం 4.1, క్లాడ్ లోపలి వ్యాసార్థం 4.18, బయటి వ్యాసార్థం 4.75 మిల్లీమీటర్లు. కూలెంట్ 290 డిగ్రీల సెల్సియస్. గ్యాప్ లెక్కకు గుళిక వ్యాసార్థాన్నే వాడండి.

ఉష్ణోగ్రత పెరుగుదల నాలుగు భాగాలుగా వస్తుంది: ఇంధనంలో 530.5, గ్యాప్‌లో 129.4, క్లాడ్‌లో 25.4, కూలెంట్ పొరలో 22.3 డిగ్రీలు. మొత్తం పెరుగుదల 707.7, కేంద్ర ఉష్ణోగ్రత 997.7 డిగ్రీలు. మీ ప్రోగ్రాం ఈ అంకెలు ఇవ్వకపోతే ముందుకు వెళ్లకండి. మిల్లీమీటర్లను మీటర్లుగా మార్చడం మరిచిపోవడమే సాధారణంగా కారణం.

పెరుగుదలకు సాపేక్ష సెన్సిటివిటీలు, అంటే ఇన్‌పుట్ ఒక శాతం పెరిగితే ఫలితం ఎన్ని శాతం మారుతుందో చెప్పే అంకెలు, ఇలా రావాలి: ఇంధన ఉష్ణవాహకతకు −0.7497, గ్యాప్‌కు −0.1828, క్లాడ్ ఉష్ణవాహకతకు −0.0359, కూలెంట్ గుణకానికి −0.0316, శక్తికి +1. మొదటి నాలుగింటి మొత్తం కచ్చితంగా −1 రావాలి, ఎందుకంటే ఆ నాలుగు గుణకాలనూ ఒకే నిష్పత్తిలో పెంచితే పెరుగుదల అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఇలాంటి కూడిక నియమం మీ పెద్ద లెక్కలో కూడా ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఖర్చు లేని పరీక్ష అది.

హెచ్చరిక: ఉష్ణవాహకతను ఉష్ణోగ్రతతో మారనిచ్చారంటే ఈ కూడిక నియమం నిలవదు. ఇంధనం వేడెక్కేకొద్దీ వాహకత తగ్గి, తగ్గినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది కనుక అప్పుడు సెన్సిటివిటీ పరిమాణం 0.75 కంటే పెద్దదిగా వస్తుంది. అది తప్పు కాదు.

2. దేనికి సెన్సిటివిటీ కావాలో ముందే రాసిపెట్టుకోండి

ఈ అంచెను దాటవేసేవారే ఎక్కువ. పై ఉదాహరణలోనే పెరుగుదలకు బదులు కేంద్ర ఉష్ణోగ్రతను ఫలితంగా తీసుకొని సెల్సియస్ అంకెతో భాగించారనుకోండి, ఇంధన వాహకత సెన్సిటివిటీ −0.532 అవుతుంది. కెల్విన్‌తో భాగిస్తే −0.417 దగ్గరకు వస్తుంది. భౌతికంగా ఏమీ మారలేదు, భాగించిన అంకె మారింది. ఇద్దరు విద్యార్థులు ఒకే కోడ్‌తో వేర్వేరు పట్టికలు తెచ్చి వాదించుకుంటే, ముందు అడగవలసిన ప్రశ్న దేనితో భాగించారు అని.

ఫలితం "గరిష్ఠ క్లాడ్ ఉష్ణోగ్రత" అయితే ఇంకో చిక్కు ఉంది. గరిష్ఠం ఏ నోడ్‌లో (లెక్క కోసం విడదీసిన ముక్కలో), ఏ క్షణంలో వచ్చిందన్నది ఇన్‌పుట్ మారినప్పుడు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకవచ్చు, అక్కడ అవకలజానికి అర్థం ఉండదు. అందుకే గరిష్ఠంతో పాటు, ఎంచుకున్న రెండు మూడు నోడ్‌ల ఉష్ణోగ్రతలను నిర్ణీత సమయంలో తీసి, వాటి సెన్సిటివిటీలను కూడా చూడండి.

ఇన్‌పుట్‌ల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. మన మణుగూరు కర్మాగారంలో తయారయ్యే భారజలాన్నే తీసుకుందాం. రియాక్టర్ గ్రేడ్ స్వచ్ఛత 99.75 శాతం అని ఇన్‌పుట్‌లో ఉంటే, "ప్రతి పారామీటరునూ ఒక శాతం పెంచు" అని స్క్రిప్ట్ రాసినవారు దాన్ని వంద దాటిస్తారు. ఒక శాతం తగ్గిస్తే స్వచ్ఛత 98.75 అవుతుంది, అంటే మామూలు నీరు 0.25 నుంచి 1.25కు, ఐదు రెట్లు పెరుగుతుంది. అది చిన్న మార్పు కాదు, వేరే రియాక్టరే. ఇలాంటి చోట మలినాన్ని, అంటే 0.25ను, పారామీటరుగా తీసుకొని దాన్ని కొన్ని శాతాలు మార్చాలి, మిగతా భాగాన్ని దానికి తగ్గట్టు సర్దాలి. యురేనియం-235 వాటా పెంచినప్పుడు యురేనియం-238 తగ్గాలన్నదీ ఇదే కోవలోకి వస్తుంది. గుళిక వ్యాసార్థం మార్చినప్పుడు గ్యాప్ మందం, ఇంధన ద్రవ్యరాశి కూడా మారతాయా లేదా అన్నది కోడ్‌కు వదిలేయకుండా మీరే నిర్ణయించండి.

3. తేడా పద్ధతితో ఆధార అంకెలు తీయండి

ప్రతి ఇన్‌పుట్‌ను కొద్దిగా పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి నడిపి, రెండు ఫలితాల తేడాను రెండు రెట్ల మార్పుతో భాగించండి. ఒకవైపు తేడా కంటే రెండువైపుల తేడా ఎందుకు మంచిదో మీ చిన్న ప్రోగ్రాంలోనే కనబడుతుంది. ఇంధన వాహకతను 10 శాతం పెంచి ఒకవైపు తేడా తీస్తే −0.682, ఒక శాతంతో −0.742 వస్తాయి. ఒక శాతంతోనే రెండువైపుల తేడా తీస్తే −0.7497 వస్తుంది.

మార్పును చిన్నది చేసినకొద్దీ మెరుగవుతుందని అనుకోకండి. డబుల్ ప్రెసిషన్‌లో దాదాపు 16 అంకెలే ఉంటాయి, కనుక మార్పు మరీ చిన్నదైతే రెండు దాదాపు సమానమైన సంఖ్యల తీసివేతలో అర్థమున్న అంకెలు పోతాయి. ఇటరేషన్లు లేని కోడ్‌లో రెండువైపుల తేడాకు లక్షలో ఒక వంతు దరిదాపు మార్పు మంచి మొదలు. ఇటరేషన్లు ఉన్న కోడ్‌లో, దాని కన్వర్జెన్స్ టాలరెన్స్ (ఇటరేషన్లు ఆగే హద్దు) కంటే మీ మార్పు వల్ల వచ్చే తేడా కనీసం వంద రెట్లు పెద్దదిగా ఉండాలి. మార్పు పరిమాణాన్ని పదింతల చొప్పున తగ్గిస్తూ నాలుగైదు సార్లు నడిపి, వరుసగా రెండు మూడు పరిమాణాలకు అంకె కదలకుండా నిలిచిన చోటును తీసుకోండి. అలా నిలిచే చోటే దొరకకపోతే కోడ్‌లో ఎక్కడో శబ్దమో (నాయిస్), ఫలితం ఒక్కసారిగా దూకే తెగుదలో ఉందని అర్థం.

విద్యార్థుల పట్టికల్లో ఎక్కువగా కనబడే లోపాలు రెండు, రెండూ ఈ అంచెలోనే పుడతాయి.

మొదటిది ప్రింటు అంకెలు. పై కోడ్ ఉష్ణోగ్రతను ఒక దశాంశ స్థానానికే ముద్రిస్తుందనుకోండి. వాహకతను 0.01 శాతం పెంచితే అసలు ఉష్ణోగ్రత 0.053 డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఫైలులో 997.7 పోయి 997.6 కనబడుతుంది. 0.1 తేడా అని చదివి సెన్సిటివిటీని దాదాపు రెట్టింపుగా రాసేస్తారు. ఇంకో ఇన్‌పుట్‌కు అదే చోట సున్నా కనబడి "ప్రభావం లేదు" అని రాస్తారు. సోర్స్ ఉంటే ఫార్మాట్ వరుసను మార్చి 15 అంకెలు ముద్రించండి, లేకపోతే మార్పును పెంచండి.

రెండోది ఇన్‌పుట్ కార్డు వెడల్పు. పాత ఫోర్‌ట్రాన్ కోడ్‌లు ఒక్కో సంఖ్యను పది గడులలోనే చదువుతాయి, మీ స్క్రిప్ట్ పదిహేడు అంకెలు రాసినా మిగిలినవి తెగిపోతాయి, లేదా పక్క గడిలోకి పోయి ఇంకో పారామీటరును పాడుచేస్తాయి. కోడ్ తాను చదివిన ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్ మొదట్లో తిరిగి ముద్రిస్తుంది. మీరిచ్చిన సంఖ్యను కాక, అక్కడ కనబడిన సంఖ్యనే నమ్మండి.

4. సోర్స్ ఉంటే అవకలజాలను కోడ్‌తోనే లెక్కించండి

ఇక్కడ మూడు దారులున్నాయి.

తేలికైనది సంకీర్ణ సంఖ్యల పద్ధతి. ప్రోగ్రాంలోని వాస్తవ చలరాశులన్నిటినీ సంకీర్ణ చలరాశులుగా ప్రకటించి, ఇన్‌పుట్‌కు 10 పవర్ మైనస్ 20 అంతటి చిన్న కల్పిత భాగాన్ని జోడించి నడపండి. ఫలితం కల్పిత భాగాన్ని అదే సంఖ్యతో భాగిస్తే అవకలజం వస్తుంది. తీసివేత లేదు కనుక అంకెలు పోవు. చిన్న, మధ్యతరహా కోడ్‌లకు నేను మొదట సూచించేది ఇదే.

దీనికి కాచుకొని ఉన్న గుంటలు: పరమ మూల్యం తీసే ఫంక్షన్ సంకీర్ణ సంఖ్యకు మాడ్యులస్ ఇచ్చి కల్పిత భాగాన్ని చెప్పకుండా మింగేస్తుంది. గరిష్ఠ, కనిష్ఠ ఫంక్షన్లూ, "దీనికంటే ఎక్కువైతే" అన్న పోలికలూ వాస్తవ భాగంపైనే జరగాలి, వాటిని చేత్తో సరిచేయండి. పైథాన్‌లో వాస్తవ సంఖ్యల అర్రేలోకి సంకీర్ణ సంఖ్యను రాస్తే నంపై కల్పిత భాగాన్ని పడేసి ఒక హెచ్చరికతో సరిపెట్టవచ్చు. ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చుకోండి. సెన్సిటివిటీ కచ్చితంగా సున్నా వచ్చిందంటే మొదట అనుమానించవలసింది ఇలాంటి నష్టాన్నే.

రెండో దారి టాపెనాడ్ టాంజెంట్ పద్ధతి. ఒక ఇన్‌పుట్ దిశకు ఒక రన్ అవసరం. ఇన్‌పుట్‌లు కొద్దిగా, ఫలితాలు చాలా ఉన్నప్పుడు ఇదే మంచిది.

మూడోది ఎడ్జాయింట్, అంటే వెనుక నుంచి ముందుకు లెక్కించే పద్ధతి. ఇన్‌పుట్‌లు వందలున్నా ఫలితం ఒక్కటే అయితే, అసలు రన్‌కు కొన్ని రెట్ల ఖర్చుతో అన్నీ ఒకేసారి వస్తాయి. ఖర్చు పడేది మెమరీపై, ఎందుకంటే ట్రాన్సియంట్ (కాలంతో మారే లెక్క) అంతటి మధ్య విలువలనూ అది దాచుకోవాలి. ల్యాబ్ కంప్యూటర్ మెమరీ నిండి రన్ చచ్చిపోతే, ముందు ట్రాన్సియంట్‌ను కుదించి పరీక్షించండి, తరువాత చెక్‌పాయింట్లు (కొన్ని క్షణాల విలువలనే దాచి, మిగతావి మళ్లీ లెక్కించే ఏర్పాటు) పెట్టండి. టాంజెంట్‌తో పరీక్షించకుండా ఎడ్జాయింట్ వైపు వెళ్లకండి. రెండూ సిద్ధమయ్యాక యాదృచ్ఛిక దిశ ఒకటి తీసుకొని, టాంజెంట్ ఇచ్చిన అంకె, ఎడ్జాయింట్ సెన్సిటివిటీలను ఆ దిశతో గుణించి కూడిన అంకె పన్నెండు పదమూడు స్థానాల వరకు సరిపోతున్నాయో లేదో చూడండి. నాలుగైదు స్థానాలే కలిస్తే ఎక్కడో ఒక చలరాశి సింగిల్ ప్రెసిషన్‌లో మిగిలిపోయి ఉంటుంది.

ఇటరేషన్ లూపులున్న కోడ్‌లో ఒక మోసం దాగి ఉంది. విలువ కన్వర్జ్ అయిన క్షణాన లూపు ఆగుతుంది, కానీ అవకలజం విలువ కంటే వెనుకబడి కన్వర్జ్ అవుతుంది. ఆరంభ అంచనా అసలు జవాబుకు బాగా దగ్గరగా ఉంటే లూపు ఒకటి రెండు సార్లే తిరిగి ఆగిపోయి, అవకలజం సగంలోనే మిగులుతుంది. టాలరెన్స్‌ను పది లక్షలో ఒక వంతు నుంచి వెయ్యి కోట్లలో ఒక వంతుకు బిగించి మళ్లీ నడపండి. సెన్సిటివిటీ కదిలిందంటే పాత అంకె పనికిరాదు. రీస్టార్ట్ ఫైలు నుంచి మొదలుపెట్టే రన్లలో ఈ పరీక్ష తప్పనిసరి.

కోడ్ మధ్యలో ఫైలుకు రాసి, ఆ ఫైలు నుంచే తిరిగి చదువుకుంటే అక్కడ అవకలజం గొలుసు తెగిపోతుంది. రెండు ప్రోగ్రాంలు ఫైలు ద్వారా జోడించి ఉన్నప్పుడు ఇది తరచూ జరుగుతుంది.

5. సోర్స్ లేకపోతే, లేదా మార్పులు పెద్దవైతే శాంప్లింగ్ చేయండి

ఇప్పటివరకు వచ్చినవన్నీ ఒక్క బిందువు దగ్గరి అంకెలు. వాటిని చూసి పరిధి అంతటికీ తీర్పు చెప్పడం, ఎనుమాముల మార్కెట్‌లో బస్తా పైవరుస మిర్చి చూసి లాట్ అంతటికీ ధర కట్టినట్లే. మన ఉదాహరణలో గ్యాప్ కండక్టెన్స్ 25 శాతం తగ్గితే పెరుగుదల అసలు 43 డిగ్రీలు ఎక్కువవుతుంది, బిందువు దగ్గరి అంకెతో లెక్కిస్తే 32 అని వస్తుంది.

ఇరవై ఇన్‌పుట్‌లుంటే ముందు మోరిస్ పద్ధతితో, అంటే ఇన్‌పుట్‌లను ఒక్కొక్కటిగా మారుస్తూ సాగే రన్ల వరుసలతో (ట్రాజెక్టరీలతో), జల్లెడ పట్టండి. పది ట్రాజెక్టరీలకు 210 రన్లు అవుతాయి. అందులో మిగిలిన అయిదారింటికి మాత్రమే సోబోల్ సూచికలు (ఫలితంలోని మార్పులో ఒక్కో ఇన్‌పుట్ వాటా ఎంతో చెప్పే అంకెలు) తీయండి. ఇరవైకీ నేరుగా సోబోల్ చేస్తే 1,024 ఆధార నమూనాలతో 22,528 రన్లు, సాలిబ్‌లో రెండో క్రమం సూచికల ఎంపికను ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే 43,008 రన్లు అవుతాయి. ఒక్కో రన్ నిమిషం పట్టినా దాదాపు నెల రోజులు పట్టే లెక్క అది.

రన్లను సమాంతరంగా నడిపినప్పుడు పూర్తయిన వరుసలో ఫలితాలు ఫైలులోకి చేరతాయి, సాలిబ్ మాత్రం నమూనాల వరుసనే ఆశిస్తుంది. ప్రతి ఫలితం పక్కన నమూనా సంఖ్య రాసి, ఆ సంఖ్య ప్రకారం తిరిగి అమర్చండి. విఫలమైన రన్లను తీసేసి మిగతావాటితో విశ్లేషించకండి, సోబోల్ నమూనాల అమరికే చెదిరిపోతుంది. ఎండాకాలంలో కరెంటు కోతల మధ్య నడిపేవారు ఒక్కో రన్ ఫలితాన్ని వెంటనే డిస్కుకు రాసే ఏర్పాటు చేసుకుంటే మొదటి నుంచి నడపవలసిన అవసరం ఉండదు.

59 రన్లు చాలన్న మాట వింటుంటారు, దాని గురించి కూడా ఇక్కడే చెబుతాను. 95 శాతం భాగాన్ని 95 శాతం నమ్మకంతో కప్పే ఒకవైపు హద్దుకు విల్క్స్ సూత్రం 59 రన్లు చాలంటుంది, ఇన్‌పుట్‌లు ఎన్ని ఉన్నా సరే. కానీ అది హద్దుకు సంబంధించిన సంఖ్య. కొందరు అవే 59 రన్ల నుంచి కోరిలేషన్లు తీసి ఇరవై పారామీటర్లకు ర్యాంకులు ఇస్తున్నారు. 59 నమూనాలలో 0.26 కంటే చిన్న కోరిలేషన్‌ను సున్నా నుంచి వేరు చేయలేము, కనుక ర్యాంకుల పట్టికలో కింది సగం చాలావరకు లాటరీయే.

6. మాంటీ కార్లో కోడ్ అయితే తేడా పద్ధతిని వదలండి

మాంటీ కార్లో కోడ్ న్యూట్రాన్ల దారులను యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కిస్తుంది కనుక ఫలితంలో గణాంక శబ్దం ఉంటుంది. గుణకార గుణకంలో (కె-ఎఫెక్టివ్‌లో) ప్రామాణిక విచలనం 20 పీసీఎం (ఒక పీసీఎం అంటే లక్షలో ఒక వంతు) ఉన్న రన్లు రెండు తీసుకొని, 10 పీసీఎం తేడాను పదిలో ఒక వంతు కచ్చితత్వంతో చూడాలంటే, ఒక్కో రన్‌లో కణాల సంఖ్యను దాదాపు 800 రెట్లు పెంచాలి. అదే సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల ఆరంభ అంకె) వాడితే శబ్దం కొట్టుకుపోతుందన్న ఆశ కూడా నిలవదు, ఒక్క ఢీ మారినా తరువాతి యాదృచ్ఛిక వరుస అంతా దారి తప్పుతుంది. ఎడ్జాయింట్ భారంతో సెన్సిటివిటీలను ఒకే రన్‌లో లెక్కించే ఏర్పాటు ఎంసీఎన్‌పీ 6లోనూ, స్కేల్ వ్యవస్థలోని సునామీ మాడ్యూల్‌లోనూ ఉంది. అవి అందకపోతే డ్రాగన్ వంటి నిర్ణీత పద్ధతి కోడ్‌తో సెన్సిటివిటీ తీసి, ఒకటి రెండు పెద్ద మార్పులను మాత్రం ఓపెన్‌ఎంసీతో సరిచూడండి.

మల్టీగ్రూప్ లైబ్రరీలోని (న్యూట్రాన్ శక్తులను గ్రూపులుగా విడదీసిన డేటాలోని) క్రాస్ సెక్షన్‌ను, అంటే చర్య జరిగే సంభావ్యతను, నేరుగా మార్చేవారికి ఒక హెచ్చరిక. రెసొనెన్స్ షీల్డింగ్ (కొన్ని శక్తుల దగ్గర శోషణ ఎక్కువై న్యూట్రాన్లు తగ్గడం) అప్పటికే లెక్కించి ఉంటుంది కనుక, మారిన పదార్థం షీల్డింగ్‌ను మార్చే పరోక్ష ప్రభావం మీ అంకెలో ఉండదు.

7. సెన్సిటివిటీని అనిశ్చితితో గుణించాకే ర్యాంకు ఇవ్వండి

ఉదాహరణలో అన్నిటికంటే పెద్ద సెన్సిటివిటీ శక్తిదే, 1. అభ్యాసానికి ఇలా అనుకుందాం: ఇంధన వాహకతలో అనిశ్చితి 10 శాతం, గ్యాప్‌లో 25, శక్తిలో 3, కూలెంట్ గుణకంలో 15, క్లాడ్ వాహకతలో 5. గుణిస్తే వరుసగా 7.5, 4.6, 3.0, 0.5, 0.2 శాతం వస్తాయి. శక్తి మూడో స్థానానికి దిగింది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వర్గాలు కూడి వర్గమూలం తీయండి, 9.3 శాతం, అంటే దాదాపు 66 డిగ్రీలు వస్తుంది. సంబంధం ఉంటే ఆ సంబంధాలను చూపే కోవేరియన్స్ మాత్రిక పూర్తిగా కావాలి. న్యూక్లియర్ డేటాలో అది లేకుండా చేసిన లెక్క అసలుకు ఎటువైపు తప్పుతుందో కూడా చెప్పలేము.

8. అప్పగించే ముందు చూడవలసినవి

ముఖ్యమైన అయిదారు పారామీటర్లకు 3వ, 4వ అంచెల అంకెలు పక్కపక్కన పెట్టి కనీసం మూడు అంకెలు కలుస్తున్నాయో చూడండి. ప్రతి గుర్తునూ భౌతికంగా సమర్థించండి. గ్యాప్ కండక్టెన్స్ పెరిగితే ఇంధనం చల్లబడాలి, మీ పట్టికలో ప్లస్ గుర్తు ఉంటే కోడ్‌లో కాని, స్క్రిప్ట్‌లో కాని రెండు నిలువు వరుసలు తారుమారై ఉంటాయి. ట్రిప్ సెట్‌పాయింట్ (రియాక్టర్‌ను ఆపేసే హద్దు), ప్రవాహ రీతి మార్పు, మరిగే సంక్షోభం వంటి తెగుదలలకు రెండువైపులా విడివిడిగా సెన్సిటివిటీ తీయండి. రెండూ వేరుగా వస్తే ఒక్క అంకెగా రాయకుండా రెండింటినీ ఇవ్వండి.

పట్టిక కింద భాగించిన విలువ, మార్పు పరిమాణం, టాలరెన్స్, కోడ్ వెర్షన్, కంపైలర్ ఎంపికలు, సీడ్ రాయండి. వేగం కోసం ఫాస్ట్‌మ్యాథ్ ఎంపికతో కంపైల్ చేసి ఉంటే, అది లేకుండా ఒకసారి నడిపి చివరి అంకెలు ఎంత కదిలాయో కూడా అక్కడే రాయండి, పరీక్షకుడు ముందుగా అడిగేది దాని గురించే కావచ్చు.